చప్పుడు తగ్గించిన బండి

మా ఆయనకు నా కంటే బండే ఎక్కువని మా అత్తగారు పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. నేను నమ్మలేదు. సూర్యాపేటలో కాపురం పెట్టాక నమ్మక తప్పలేదు. పొద్దున లేవగానే నా ముఖం చూడకుండా బండి కిందికి దూరేవాడు. అది యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన చిన్న లారీ. ముందు ఇద్దరు ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు, వెనక ఇనుప తొట్టి. పెద్ద లారీలు దిగబడే బండ్లబాటల్లో కూడా అది నడిచేది. సూర్యాపేట నుంచి కోదాడకు వడ్ల బస్తాలు, కోదాడ నుంచి మిర్యాలగూడకు కిరసనాయిలు డబ్బాలు, వచ్చేటప్పుడు చింతపండో పల్లికాయో, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు.

బండి మంచిదే, దాని గొంతే చెడ్డది. ఇంజను వదిలే పొగ ఒక గొట్టంలోంచి వెనక్కి పోతుంది. ఆ గొట్టం మధ్యలో చప్పుడును మింగడానికి ఒక డబ్బా ఉంటుంది, దాన్నే సైలెన్సర్ అంటారు. మాది తుప్పు పట్టి చిల్లులు పడింది. బండి బజారు మలుపు తిరగకముందే మా వాడకట్టు మొత్తానికి తెలిసిపోయేది. పక్కింటావిడ తన బర్రె పాలు చేపడం లేదంటే మా బండి వల్లనేనని నా మీదికి తగాదాకు వచ్చింది. నీ బర్రెకు దాణా పెడితే అదే చేపుతుంది అన్నాను. ఆ తర్వాత మేమిద్దరం చాలా రోజులు మాట్లాడుకోలేదు.

సూర్యాపేటలో ఆ చప్పుడు తగాదాలతో పోయింది. పల్లెల్లో అట్లా పోలేదు. నిజాం రాజ్యం చివరి రోజులవి. పెళ్ళికి వచ్చేవాళ్ళు, సరుకు తెచ్చేవాళ్ళు ఎడ్లబండి మీద వస్తారు. మోటారెక్కి వచ్చేవాళ్ళంటే ఊళ్ళ మీద పడేవాళ్ళే. తుపాకులతో దిగి, ఇళ్ళు దోచి, గడ్డివాములకు నిప్పు పెట్టి, మగవాళ్ళను కట్టి తీసుకుపోయేవాళ్ళు. ఆడవాళ్ళను ఏం చేసేవాళ్ళో నేను రాయను. వాళ్ళు ఎవరి మనుషులో, ఎవరి అండ చూసుకుని తిరిగారో చదువుకున్నవాళ్ళు చాలామంది రాశారు. నాకు తెలిసింది చప్పుడు సంగతి, అదే రాస్తాను.

అప్పట్లో ప్రతి ఊరి బురుజు మీదా ఒక మనిషిని కాపలా పెట్టుకునేవాళ్ళు. చెవులు రిక్కించి కూర్చోవడమే అతని పని. దూరంగా మోటారు చప్పుడు వినపడగానే డప్పు కొడతాడు. డప్పు మోగిందంటే మగవాళ్ళు బాటకు అడ్డంగా తాటిమొద్దులు, బండరాళ్ళు, తుమ్మకంప లాగి పడేస్తారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేలల్లోకి ఉరుకుతారు. ఆ తర్వాత మగవాళ్ళూ అటే పోతారు. పొయ్యి మీద జొన్న గటక మాడిపోతున్నా ఎవరూ తిరిగి చూడరు. చేలో కూర్చున్నాక దగ్గు వచ్చినా కొంగు నోట్లో పెట్టుకోవాలి. ఈ పద్ధతి పిల్లలకు కూడా తెలుసు.

మా అమ్మ వాళ్ళది గరిడేపల్లి వైపు చిన్న పల్లె. ఒకసారి మా ఆయన నన్ను ఎక్కించుకుని అక్కడికి తీసుకుపోయాడు. ఊళ్ళోకి పోయేసరికి కుక్కలు తప్ప ఎవరూ లేరు. తల్లిగారింటికి ముచ్చటపడి పోతే ఇంట్లో పిల్లి ఒక్కటే ఉంది. పిలవగా పిలవగా అమ్మ చేలోంచి బయటికి వచ్చి, నన్ను చూసి, ముందు ఏడ్చి, తర్వాత అల్లుడని కూడా చూడకుండా ఆయన్ని తిట్టింది. నాకు నవ్వొచ్చింది. సాయంత్రానికి నవ్వు పోయింది. మా బండి చప్పుడుకు ఉరుకుతూ ఒక ముసలామె మడికట్టు మీద నుంచి పడింది, తుంటి విరిగింది. ఆమె మంచం పట్టి మళ్ళీ లేవలేదు.

ఆమె పోయిందన్న కబురు తెలిసిన రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయాడు. మర్నాడే బండిని కోదాడ తీసుకుపోయాడు. అక్కడొక మిస్త్రీ ఉండేవాడు. నిజాం సరిహద్దు అవతలి నుంచి వచ్చి షెడ్డు వేసుకున్నవాడు. పని వచ్చినవాడే, కానీ నోటికి హద్దు లేదు. నేను కోదాడలో మా పిన్ని ఇంటికి పోదామని వెంట పోయాను కాబట్టి అతని మాటలన్నీ నా చెవిన పడ్డాయి.

"చూడన్నా, ఇంజనుక్కూడా ఊపిరుంటది," అన్నాడు మిస్త్రీ. "ముక్కు మూసి పరిగెత్తమంటే పరిగెత్తుద్దా? నీకు చప్పుడు లేకుండా కావాలా, బలం కావాలా?"

"రెండు గావాలె," అన్నాడు మా ఆయన.

"రెండూ కావాలంటే నా కాడికి గాదు, ఇంగిలీషోళ్ళ సీమకి పోవాల నువ్వు."

సీమకు పోకుండానే అతను ఏదో చేశాడు. చిల్లులు పొడిచిన గొట్టం లోపల పెట్టి, దాని చుట్టూ ఇనుప పీచు కూరి, పైన రేకు చుట్టాడు. పొగ తిన్నగా పోతుంది కాబట్టి ఇంజనుకు కష్టం లేదు. చప్పుడు కొంత తగ్గింది, అంతే. ఊళ్ళల్లో డప్పులు మాత్రం మోగుతూనే ఉన్నాయి. మా ఆయన మళ్ళీ కోదాడ పోయాడు. ఈసారి మిస్త్రీ డబ్బాలో అడ్డపలకలు వేశాడు. పొగ వంకరటింకరగా తిరిగి తిరిగి బయటపడాలి, చివర గొట్టం కూడా సన్నం చేశాడు. బండి మూగదైపోయింది. మా వాకిట్లో ఆగి తలుపు తీసేదాకా నాకు వచ్చినట్టే తెలిసేది కాదు. పొయ్యి మీద బియ్యం ఎప్పుడు పెట్టాలో తెలియక, చల్లారిన అన్నం పెట్టి నేనూ, తిని ఆయనా విసుక్కునేవాళ్ళం.

కానీ మిస్త్రీ అన్నట్టే బలం పోయింది. నిండు బస్తాలు వేస్తే కొద్దిపాటి మిట్ట కూడా ఎక్కనని మొరాయించేది. రేడియేటరు నీళ్ళు సలసల మరిగి మూత ఎగిరేది. ఇంజను పక్కన గొట్టం ఎర్రగా కాలిపోయేది. మూగదాన్ని చేశావు, ఇప్పుడు కుంటిది కూడా అయింది అని నేను ఎగతాళి చేశాను. ఆయనకు కోపం వచ్చింది. బరువు సగం తగ్గించుకుని నడిపాడు. పెట్రోలు సరిగ్గా దొరక్క కిరసనాయిలు కలిపి పోస్తుండేవాళ్ళు కాబట్టి పలకల మధ్య మసి పేరుకుని, కొన్నాళ్ళకు ఖాళీ బండి కూడా పెద్ద ఎక్కుళ్ళ దగ్గర ఆగిపోవడం మొదలైంది.

అప్పుడు మిస్త్రీయే ఒక ఉపాయం చెప్పాడు. ఇంజను దగ్గర గొట్టం రెండు ముక్కలు కలిసేచోట ఒక ఇనుప పట్టీ ఉంటుంది. ఎక్కుడు వచ్చినప్పుడు ఆ పట్టీ వదులు చేసి గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపితే పొగ అక్కడే బయటపడుతుంది. సైలెన్సర్ దాకా పోదు. బండి బొబ్బలు పెడుతుంది కానీ ఎక్కుతుంది. పైకి చేరాక మళ్ళీ బిగించుకోవాలి. ఎక్కుళ్ళ దగ్గర ఊళ్ళు లేవు కాబట్టి అది కుదిరింది. మా ఆయన ప్రతి ఎక్కుడు కిందా దిగి, తడి గోనెసంచి చేతికి చుట్టుకుని, పానా పెట్టి పట్టీ వదులు చేసేవాడు. పైన ఆగి, చల్లారనిచ్చి బిగించేవాడు. అది ఆయనకు పూజ లాగా అయిపోయింది.

ఊళ్ళకు కూడా తెలియాలి కదా. ఆయన తను తిరిగే బాటల్లో ఊరూరా దిగి, బురుజు మీది మనుషులతో మాట్లాడాడు. ఒక ఊళ్ళో చెప్పేటప్పుడు నేనూ ఉన్నాను.

"మెల్లగ ఒచ్చేది నా బండి. మొత్తుకుంట ఒస్తే అది నాది గాదు, గది యాదుంచుకో అన్నా," అన్నాడు.

"గట్లనా? అయితే మొత్తుకునేదానికి డప్పు గొడ్త, మెత్తగొచ్చేదానికి చుట్ట అడుగుత," అన్నాడు బురుజు మీదివాడు.

అందరం నవ్వుకున్నాం. ఆ మాట ఊరూరా పాకింది. మా బండి పోతుంటే జనం బాట మీదికి వచ్చి నిలబడేవాళ్ళు. అవతలి ఊళ్ళో ఉన్న కూతురికి పచ్చడి జాడీ ఇచ్చి పంపేవాళ్ళు, కబుర్లు చెప్పి పంపేవాళ్ళు. ఆ భయం రోజుల్లో మమ్మల్ని చూసి భయపడనివాళ్ళు ఉన్నారంటే నాకు గర్వంగా ఉండేది. ఆయనకు ఇంకా ఎక్కువ గర్వం.

ఆ చలికాలంలో నా చెల్లెలు తొలి కాన్పుకు అమ్మ దగ్గరికి వచ్చింది. దాని మొగుణ్ణి పోలీసులు వెతుకుతున్నారని అతను అప్పటికే సరిహద్దు దాటి పోయాడు. అది చిన్నప్పటి నుంచీ పిరికిది. బల్లి పడితే ఇల్లంతా ఒకటి చేసేది. కాన్పుకు నేను పక్కన ఉండాలని కబురు చేసింది. మా ఆయన నన్ను తీసుకుపోయి, తనూ అక్కడే ఆగిపోయాడు. అది మేము చేసిన మంచి పని అనుకున్నాం. బండి దగ్గర ఉంటే ధైర్యం కదా.

నొప్పులు మొదలై రాత్రి గడిచింది, తెల్లారింది. ఎండ వాకిట్లోకి వచ్చినా బిడ్డ రాలేదు. మా ఊరి మంత్రసాని చేతులు కడుక్కుని బయటికి వచ్చి, అమ్మను, నన్ను పక్కకు పిలిచింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఇగ నా చేత గాదు," అంది. "గుట్ట అవతల వాగొడ్డు ఊళ్ళె ముసలి మంత్రసాని ఉంది సూడు, గామె చేత్తోటి తిప్పి సరిజేస్తది. నా కండ్లార సూసిన. గాడికి తీస్కపోండ్రి. ఆమెతోని గాకుంటే అట్నే సూర్యాపేట దవాఖానకు పోండ్రి. జర జల్ది పోవాలె."

మిర్యాలగూడ అంటే మూసీ దాటాలి, దాటినా అక్కడి డాక్టరు గడబిడలు మొదలయ్యాక ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయాడు. అందుకని గుట్ట బాటే పట్టాం. తొట్టిలో వరిగడ్డి పరిచి, బొంతలు వేసి చెల్లెల్ని పడుకోబెట్టాం. తలవైపు అమ్మ, పక్కన నేను. బండి మెత్తగా కదిలింది.

"అక్కా, బావకు మెల్లగ పోనియ్యమని జెప్పు," అంది చెల్లెలు.

"మెల్లగనే పోతుండు."

"ముసలామె ఇంట్ల ఉంటదా?"

"ఉంటది. యాడికి పోతది ఈ పొద్దు?" అన్నాను.

గుట్ట కింద మా ఆయన దిగి పట్టీ వదులు చేశాడు. బండి ఒక్కసారిగా గర్జించి ఎక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు చెల్లెలు రెండు చెవులూ మూసుకుంది. రాళ్ళ మీద చక్రాలు ఎగిరినప్పుడల్లా అది నా చేయి పట్టుకుని పిసికింది. పైకి చేరాక బండి ఆపి ఆయన కిందికి దూరాడు. పానా తిప్పిన చప్పుడు విన్నాను, తర్వాత ఒక టక్కుమన్న చప్పుడు. రోజూ విప్పి బిగించి, విప్పి బిగించి, ఆ పట్టీ అరిగి ఉంది. బిగించబోతే రెండు ముక్కలైంది.

ఆయన ఇనుప తీగతో కట్టాడు. తీగ గొట్టానికి ఆనగానే చేయి కాలింది. గోనెసంచి పొగలు కక్కింది. అయినా కట్టాడు. బండి స్టార్టు చేస్తే ఆ ఊపుకు తీగ జారి గొట్టం కిందికి వేలాడింది. మళ్ళీ దిగబోతుంటే అమ్మ తొట్టిలోంచి అరిచింది.

"ఇగ ఆపకు అల్లుడా! బిడ్డ పాణం పోతాంది. సప్పుడైతే కానియ్, పోనియ్."

"ఊరోళ్ళు బెదురుతరు అత్తా."

"బెదిరితే బెదురుతరు. మనల్ని సూసినంక తెలుస్తది గద!"

నేనూ పోనిమ్మనే అన్నాను. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఈ కథ వింటే, ఒక మనిషి ముందుగా నడిచిపోయి చెప్పి ఉండొచ్చు కదా అంటారు. చావుబతుకుల మనిషిని తొట్టిలో పెట్టుకుని చూడండి, అప్పుడు చెప్పండి ఎవరు నడుస్తారో అంటాను నేను. ఒళ్ళు మండుతుంది నాకు.

మా ఆయన మాత్రం తన వంతు ప్రయత్నం చేశాడు. దిగుడు మొదలవగానే ఇంజను ఆపేశాడు. బండి తన బరువుతో తనే కిందికి దొర్లింది. చప్పుడే లేదు. బొంతల కింద గడ్డి కరకరలాడటం, చెల్లెలి మూలుగు, అంతే. కింద వాగు కనపడింది. వాగు దాటితే ఊరు. బురుజు మీద మనిషి నిలబడి ఉన్నాడో లేదో కూడా నేను చూశాను, ఎండకు కళ్ళు చెదిరి తెలియలేదు. ఎట్లాగైనా ఆ ఊపుతోనే వాగు దాటాలని ఆయన బ్రేకు ముట్టకుండా వదిలాడు. నడి ఇసుకలోకి పోయి బండి ఆగిపోయింది. ముందు చక్రాలు దిగబడ్డాయి.

దిగి నెట్టాం. నేను, అమ్మ, కాలిన చేత్తో ఆయన. కదలలేదు. చెల్లెలు తొట్టిలో ఒక్కటే అరవడం మొదలుపెట్టింది. ఆయన నా వైపు చూశాడు.  పోయి ఇంజను స్టార్టు చేశాడు.

ఆ వాగులో, రెండు ఒడ్ల మధ్య, ఆ చప్పుడు ఎంత పెద్దదయిందో నేను చెప్పలేను. ఇసుకలోంచి బయటపడటానికి ఆయన చాలాసేపు ఇంజనును ఉన్నంత బలంతో లేపాడు. చక్రాలు కదలకముందే ఊళ్ళో డప్పు మోగింది. ఆగకుండా మోగింది. నేను తొట్టిలో నిలబడి కొంగు ఊపుతూ అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు.

ఒడ్డెక్కి ఊరి ముందుకు వచ్చేసరికి బాట మీద తాటిమొద్దులు పడి ఉన్నాయి. వాటి వెనక బండరాళ్ళు, వాటి మీద తుమ్మకంప. ఒక్క మనిషి లేడు. డప్పు కూడా ఆగిపోయింది. బాటకు రెండు వైపులా తలెత్తు జొన్నచేలు.

మా ఆయన ఇంజను ఆపి కిందికి దూకాడు. అమ్మ కంప పక్కకు లాగి, చేతులు చీరుకుపోతున్నా పట్టించుకోకుండా ఊళ్ళోకి ఉరికింది. మంత్రసాని ఇల్లు వెతికి పట్టుకుంది కూడా. తలుపు తీసి ఉందట, రోట్లో సగం దంచిన జొన్నలున్నాయట. మనిషి లేదు. ఆయన తాటిమొద్దును గడ్డపారతో లేపాలని చూశాడు. ఊరి మగవాళ్ళంతా కలిసి లాగిన మొద్దు అది. ఒక్కడి చేత కదిలేదా? కదలదని తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ లేపాడు.

నేను చేను గట్టు మీద నిలబడి పిలిచాను.

"ఎవలన్న ఉన్నరా? మేము వాళ్ళం గాదు! కాన్పు మనిషిని తెచ్చినం! అవ్వా, ఓ మంత్రసానవ్వా, బయటికి రా! మా చెల్లె సస్తాంది!"

జొన్నలు కదలలేదు. మా ఊరి పేరు చెప్పాను, మా నాయన పేరు చెప్పాను, మెత్తటి బండి మాదేనని చెప్పాను. వెనక తొట్టిలో చెల్లెలు అరుస్తూనే ఉంది. ఆ పిరికిది నన్ను పిలుస్తుంటే వెనక్కి ఉరికాను. దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను. గడ్డి అంతా నెత్తురు. నా చేయి పట్టుకున్న దాని పట్టు చాలా గట్టిగా ఉండేది, తర్వాత వదులైంది. అమ్మ ఊళ్ళోంచి తిరిగి వచ్చేసరికి అది అరవడం మానేసింది. బిడ్డ లోపలే ఉండిపోయింది.

అమ్మ ఏడవలేదు. తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది. మా ఆయన గడ్డపార వదిలేసి బాట మీద కూర్చుండిపోయాడు. 

చాలాసేపటికి జొన్నలు కదిలాయి. ముందుగా ఒక ముసలామె బయటికి వచ్చింది. నేను నిలబడి పిలిచిన గట్టుకు ఎంతో దూరం లేదు ఆమె దాక్కున్న చోటు. జొన్న ఆకులు కోసి చేతుల నిండా గీతలు. మమ్మల్ని చూసి ఆగింది, బండిని చూసింది, మెల్లగా తొట్టి దగ్గరికి వచ్చింది. చెల్లెలి ముఖం చూసి, కడుపు మీద చేయి వేసి, అటూ ఇటూ తడిమింది. ఆ తడిమిన తీరులోనే ఆమె ఎవరో నాకు తెలిసిపోయింది.

"అడ్డం తిరిగింది," అంది తనలో తనే.

"నీ దగ్గరికే తెచ్చినం," అంది అమ్మ.

ముసలామె అమ్మ వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. "ఇందాక అరిసింది ఈమేనా?" అని అడిగింది.

"ఈమెనే."

"పిలిసింది నువ్వేనా?"

"నేనే. విన్నవా? విని కూడ రాలేదా?" నేను ఆమె భుజాలు పట్టుకుని కుదిపాను. మా ఆయన వచ్చి నా చేతులు విడిపించాడు.

"విన్న బిడ్డా. అన్నీ విన్న," అంది ముసలామె. "ఎవల్నో ఆడపిల్లను పట్టుకొని కొడ్తుండ్రు, ఇంకొకదానితోని మమ్ముల పిలిపిస్తుండ్రు అనుకున్న. మొన్న పక్కూళ్ళె గట్లనే చేసిండ్రు. కొంగు నోట్లె కుక్కుకొని పండుకున్న."

"మరి ఇప్పుడెందుకొచ్చినవ్?"

ఆమె చేయి ఇంకా చెల్లెలి కడుపు మీదే ఉంది.

"అరుపు ఆగింది గద," అంది. "వాళ్ళు ఎల్లిపోయిండ్రనుకున్న."